చవక కంపెనీకి నంబరు మార్చుకోవచ్చా? వరంగల్, ములుగు వైపు వాడినవారు చెప్పండి

తాడ్వాయి బిడ్డ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంటి లెక్క ఒకటి మీ ముందు పెడుతున్నాను.

మాకు ఐదు నంబర్లు ఉన్నాయి. నేను, నా భార్య, తమ్ముడు హన్మకొండలో ఉంటాం. అమ్మ, నాన్న తాడ్వాయి మండలంలో అడవి అంచున ఉన్న మా ఊళ్లోనే ఉంటున్నారు. 2024 జులై మొదట్లో పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ ఒకదాని వెంట ఒకటి ధరలు పెంచాయి కదా, అప్పటి నుంచి ఈ ఖర్చు గొంతు మీదికి వచ్చింది. నెల ప్లాన్ అన్నది పేరుకే, ఉండేది 28 రోజులు. ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి. ఐదు నంబర్లకు 65 రీఛార్జులు. నాన్నది బటన్ ఫోను, మాట్లాడటం తప్ప ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. అయినా రోజుకు ఇంత డేటా అని ఉన్న ప్లానే ఆయనకూ వేయిస్తున్నాను.

ఐదూ కలిపి తక్కువ ధరకు ఇచ్చే కంపెనీకి మార్చేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. నాన్న నంబరుకే బ్యాంకు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ ముడిపడి ఉన్నాయి. మన వైపు వాడుతున్నవారు నిజం చెప్పండి. కంపెనీ పేర్లు రాయకూడదన్నది ఈ వేదిక నియమం కాబట్టి అందరం "చవక కంపెనీ" అనే రాద్దాం.

కాజీపేట జంక్షన్

పద్నాలుగు నెలలుగా వాడుతున్నాను. నాకు ఖర్చు దాదాపు సగానికి తగ్గింది. ఇంట్లో మాట బాగానే వినిపిస్తుంది. రాత్రి ఏడు నుంచి పది వరకు నెట్ నెమ్మదిస్తుంది, వీడియో ఆగి ఆగి వస్తుంది. రోజూ సికింద్రాబాద్ రైలెక్కుతాను. ఘన్‌పూర్ దాటి జనగామ వచ్చేలోపు కాల్ ఒకటి రెండు సార్లు తెగుతుంది. ముఖ్యమైన మాటలు జనగామ స్టేషన్ దాటాక మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. పట్టణంలో ఉండేవాళ్లు నిశ్చింతగా మార్చుకోవచ్చని నా అభిప్రాయం.

మిర్చి రైతు (నర్సంపేట)

పట్టణం వాళ్లు అలా చెప్తారు. నా సంగతి వినండి.

పోయిన సీజన్‌లో మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లాను. యార్డులో ఆ రోజు బస్తాల మధ్య కాలు పెట్టే సందు లేదు. ఉన్నవాళ్లందరి చేతుల్లో ఫోన్లే. అడ్తిదారు నాకు నాలుగుసార్లు చేశాడట. ఒక్కటీ రాలేదు. సాయంత్రం యార్డు బయటికి వచ్చి టీ తాగుతుంటే నాలుగు మిస్డ్ కాల్ సందేశాలూ ఒకేసారి వచ్చి పడ్డాయి. అప్పటికి ఉదయం పలికిన ధర లేదు. ఏడాదంతా వాడితే రీఛార్జ్‌లో మిగిలేది ఆ ఒక్క పూటలో పోయింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

అది చాలదన్నట్టు బ్యాంకు ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోతోంది. కౌంటర్ దగ్గర అమ్మాయి "మళ్లీ పంపమంటారా" అని మూడోసారి అడిగినప్పుడు వెనక వరసలో నిలబడ్డవాళ్ల ముందు తల వంచుకున్నాను. తిరిగి పాత కంపెనీకి పోవాలని ఉంది. ఎలా పోవాలో ఎవరైనా చెప్పండి.

చౌరస్తా సిమ్ దుకాణం (హన్మకొండ)

రైతన్నా, మీ బాధ నాకు తెలుసు. నా కౌంటర్ దగ్గరికి ఇలాంటివాళ్లు వారానికి పది మందైనా వస్తారు. పోవడానికి వచ్చేవాళ్లూ వాళ్లే, కొన్నాళ్లకు తిరిగి రావడానికి వచ్చేవాళ్లూ వాళ్లే.

నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారడాన్ని పోర్టింగ్ అంటారు. దాని పద్ధతి చెప్తాను. మీ ఫోను నుంచి పోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కు పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆ లోపు ఆధార్‌తో దుకాణానికి వస్తే మేం దరఖాస్తు ఎక్కిస్తాం. మన సర్కిల్ (ఫోను సేవలకు విడదీసిన ప్రాంతం) లోపలైతే మూడు పని దినాల్లో నంబరు కొత్త కంపెనీకి మారుతుంది, వేరే సర్కిల్ నుంచి వస్తే ఐదు. తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాలు విడిపోయినా ఫోన్ల లెక్కలో ఇప్పటికీ ఒకటే సర్కిల్. విజయవాడలో తీసుకున్న సిమ్‌కు కూడా ఇక్కడ మూడు రోజులే.

కోడ్ రాకపోవడానికి కారణాలు ఉంటాయి. ఒక కంపెనీలో చేరిన తర్వాత 90 రోజులు నిండాలి. సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది తీసుకుంటే, 2024 జులై 1 నుంచి వచ్చిన నియమం ప్రకారం ఆ తర్వాత ఏడు రోజుల వరకు కోడ్ ఇవ్వరు. దొంగలు మన నంబరు మీద సిమ్ తీసుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని పెట్టిన నియమం అది, మంచిదే. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్స్, ప్లాన్ రోజులు మాత్రం మీతో రావు. కాబట్టి ప్లాన్ ఆఖరి రోజుల్లో మారండి.

ఇక తాడ్వాయి తమ్ముడికి ఒక మాట. నాకు పోర్టింగ్ మీద కమీషన్ వస్తుంది, అయినా చెప్తున్నాను. ముందే నంబరు మార్చవద్దు. చవక కంపెనీది కొత్త నంబరు ఒకటి తీసుకోండి. రెండు సిమ్‌ల ఫోనులో రెండోదిగా వేసి ఒక ప్లాన్ కాలం, అంటే 28 రోజులు, ఊళ్లో వాడి చూడండి. నచ్చితే అప్పుడు పాత నంబరు మార్చండి. నచ్చకపోతే పోయేది ఒక్క రీఛార్జ్ డబ్బు. నేరుగా మారితే 90 రోజులు కదలడానికి వీలుండదు.

మిర్చి రైతు (నర్సంపేట)

ఎనభై రెండు రోజులైంది. ఇంకో ఎనిమిది రోజులు చూస్తాను. ధన్యవాదాలు అన్నా.

టవరు పనివాడు

పన్నెండేళ్లుగా టవర్ల నిర్వహణలో ఉన్నాను. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి అంతా తిరిగాను. అందరూ సిగ్నల్ గీతలు చూసి మోసపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

గీతలు మీ ఫోనుకూ టవరుకూ మధ్య ఉన్న దారి సంగతే చెప్తాయి. టవరు నుంచి వెనక్కి వెళ్లే దారి వేరే ఉంటుంది, అది ఫైబర్ కావచ్చు, మైక్రోవేవ్ డిష్ కావచ్చు. చెరువు నిండుగా ఉన్నా తూము చిన్నదైతే కింది పొలానికి ఎన్ని నీళ్లు వస్తాయి? చాలాచోట్ల ఖర్చు తగ్గించుకునేది ఈ తూము దగ్గరే. అందుకే నాలుగు గీతలు ఉన్నా సాయంత్రం నెట్ కదలదు. యార్డులో జరిగింది కూడా ఇలాంటిదే. వేలమంది ఒకేసారి ఒకే టవరు మీద పడితే ఎవరి కాల్ ఎక్కుతుందో, ఎవరిది ఆగుతుందో చెప్పలేం.

రెండోది ఫ్రీక్వెన్సీ. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, చెట్లలోంచి, గోడల్లోంచి లోపలికి వస్తాయి. 2100, 2300 ఎక్కువ డేటా మోయడానికి పనికొస్తాయి, కానీ అడవిలో, మందపాటి గోడల ఇళ్లలో త్వరగా బలహీనపడతాయి. కంపెనీ మీ ఊళ్లో ఏది నడుపుతోందో, మీ ఫోను దాన్ని అందుకోగలదో లేదో, ఈ రెండూ కలిస్తేనే సిగ్నల్. ఒకే ఇంట్లో కొడుకు ఫోనులో వచ్చే సిగ్నల్ తండ్రి పాత ఫోనులో రాకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీ నాన్నగారి బటన్ ఫోను 2జీదా, 4జీదా? ముందు అది చూడండి. 2జీ నడపని కంపెనీ సిమ్ 2జీ ఫోనులో వేస్తే అసలు పలకదు. 4జీ ఫోనైతే సెట్టింగుల్లో వోల్టే (4జీ మీద మాట్లాడే సదుపాయం) ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

ఏటూరునాగారం టీచరమ్మ

అందరూ చవక కంపెనీని తిడుతున్నారు. మా బడి ఉన్న ఊళ్లో పలికేది ఆ ఒక్క సిమ్ మాత్రమే.

నేను మొదట ఖరీదైన కంపెనీ నంబరుతో ఇక్కడికి వచ్చాను. ఊరి పొలిమేర దాటగానే ఫోను మూగబోయేది. పిల్లల హాజరు యాప్‌లో ఎక్కించాలంటే స్కూటీ మీద రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చి రోడ్డు మలుపులో నిలబడేదాన్ని. వానాకాలంలో గొడుగు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో. ఒక పిల్లవాడి తండ్రే చెప్పాడు, "మేడం, ఇక్కడ మాదే వస్తుంది" అని. ఆ రోజే ఆ సిమ్ తీసుకున్నాను. నెట్ వేగం గొప్పగా ఉండదు, కానీ తరగతి గదిలో కూర్చుని హాజరు వేయగలుగుతున్నాను. పెద్దగా లాభం రాని ఊరికి పెద్ద కంపెనీ ఎందుకు వస్తుంది? వచ్చినవాళ్లకు మేం రుణపడి ఉన్నాం.

విశ్వవిద్యాలయం రోడ్డు

కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. పోటీ పరీక్షల పాఠాలన్నీ ఫోనులోనే. గదిలో ముగ్గురం ఉంటాం. ఇద్దరికి చవక కంపెనీ, ఒకరికి మాత్రం పెద్ద కంపెనీ. పాఠాలు తెల్లవారుజామున నాలుగింటికి దింపుకుంటాం, అప్పుడు చవక సిమ్ కూడా పరుగెత్తుతుంది. ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు మాత్రం మూడో అతని హాట్‌స్పాట్. ఇంటి నుంచి వచ్చే డబ్బులో రీఛార్జ్ పోను ఏం మిగులుతుందో చూసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కాజీపేట జంక్షన్

తాడ్వాయి బిడ్డ గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ తమ్ముడు ఒప్పుకున్నాడు, లెక్క ఒప్పుకుంది. మీరెందుకు అంత వెనకాడుతున్నారు? ఓటీపీ ఒక్కటే కారణమా?

తాడ్వాయి బిడ్డ (హన్మకొండ)

కాదు. చెప్తాను.

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర అవుతుండగా భూమి కంపించింది గుర్తుందా? హన్మకొండలో మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. అందరం మెట్లు దిగి బయటికి పరుగెత్తాం. కాసేపటికే టీవీలో కేంద్రం ములుగు జిల్లా అన్నారు, తీవ్రత 5.3 అన్నారు. నాన్నకు ఫోను చేశాను. కలవలేదు. అమ్మకు చేశాను. కలవలేదు. సుమారు నలభై నిమిషాలు చేస్తూనే ఉన్నాను. మా ఇల్లు పాత పెంకుటిల్లు, గోడలు మట్టివి. ఆ నలభై నిమిషాల్లో నా మనసు ఎక్కడెక్కడికి పోయిందో రాయలేను.

చివరికి నాన్నే చేశారు. పశువులను విప్పి తోలుకుపోయారట, ఫోను గూట్లో ఉందట. ఏమీ కాలేదు. అందరూ ఒకేసారి చేస్తుండటం వల్లే లైన్లు దొరకలేదని తర్వాత అన్నారు. అప్పుడు వాళ్లిద్దరిదీ ఖరీదైన కంపెనీయే. అంటే ఖరీదు పెట్టినా ఆ రోజు కలవలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా తక్కువ డబ్బుకు ఆశపడి మార్చిన తర్వాత మళ్లీ అలాంటి ఉదయం వస్తే నన్ను నేను క్షమించుకోలేను.

మోరంచ ఒడ్డు (భూపాలపల్లి)

తమ్ముడూ, నీ మాట చదివి నా కళ్లు తడిశాయి. 2023 జులై వరద రోజులు గుర్తొచ్చాయి. లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. మా చుట్టాలు ఇంటి పైకప్పు ఎక్కి కూర్చున్నారు. మా దగ్గర రెండు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి. తెల్లవారేసరికి ఒకటి పోయింది, రెండోది ఇంకాసేపు నిలబడింది. ఆ కాసేపట్లోనే మేం వాళ్లతో ఒకసారి మాట్లాడగలిగాం. నిలబడినది ఏ కంపెనీదని అడిగితే, తక్కువ ధరదే. ఇంకో ఊళ్లో అటూ ఇటూ అయి ఉండవచ్చు. అప్పటి నుంచి మా ఇంట్లో అందరిదీ ఒకే కంపెనీ కాకుండా చూసుకుంటున్నాం.

టవరు పనివాడు

భూపాలపల్లి అన్న చెప్పినదానికి కారణం ఉంది. కరెంటు పోతే టవరు కొన్ని గంటలు బ్యాటరీ మీద నడుస్తుంది. తర్వాత డీజిల్ జనరేటర్ కావాలి. దారులు తెగితే డీజిల్ చేరదు. ఏ టవరు బ్యాటరీ కొత్తదైతే అది ఎక్కువసేపు నిలుస్తుంది. ధరకూ దానికీ సంబంధం లేదు. చాలాచోట్ల ఒకే టవరు మీద రెండు మూడు కంపెనీల పరికరాలు ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. అక్కడ పోతే అన్నీ పోతాయి. అందుకే రెండు సిమ్‌లు తీసుకుంటే వేర్వేరు టవర్లవి అయ్యేలా చూసుకోవాలి.

ఇంకొకటి. సిగ్నల్ బదులు "అత్యవసర కాల్స్ మాత్రమే" అని ఫోను చూపిస్తుంటే 112కు ప్రయత్నించండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవరు మీదుగా ఆ కాల్ వెళ్లే వీలుంది.

ఆశా కార్యకర్త (మంగపేట)

ఈ 112 మాట ఊరూరా చెప్పాలి. నేను రేపటి నుంచే చెప్తాను.

నా ఆవేదన కూడా రాయనివ్వండి. నా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో చాలామందికి చవక సిమ్‌లే. నెలలు నిండినవాళ్లకు రోజూ ఫోను చేసి అడగాలి. "మీరు ప్రయత్నిస్తున్న నంబరు అందుబాటులో లేదు" అన్న మాట విన్నప్పుడల్లా సైకిలెక్కి వెళ్లాల్సిందే. "తక్కువ కట్టారు కదా, సర్దుకోవాలి" అని ఒక దుకాణంలో అన్నారు. ఎందుకు సర్దుకోవాలి? ఆమె కట్టిన డబ్బు ఆమె కూలిలో భాగం. కాల్ కలిపిస్తామనే కదా తీసుకున్నారు, కలిపించాలి.

పదవీ విరమణ (కరీంనగర్)

అమ్మా, మీరు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కలిపించకపోతే అడిగే దారి కూడా ఉంది, మనవాళ్లు వాడుకోరు.

నాకు అడగని కాలర్ ట్యూన్ అంటగట్టి డబ్బు కోశారు. 198కి చేసి ఫిర్యాదు రాయించాను. తప్పనిసరిగా ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి, అది లేకపోతే ఫిర్యాదు చేయనట్టే. గడువులోగా పరిష్కరించలేదు. వెంటనే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాశాను. దీనికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 30 రోజుల్లోగా పెట్టుకోవాలి. 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. నా డబ్బు తిరిగి వచ్చింది. చాలామంది నేరుగా ట్రాయ్‌కి, అంటే ఫోను కంపెనీలను నియంత్రించే కేంద్ర సంస్థకు, రాస్తారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు, కంపెనీకే పంపుతుంది.

మీ ఊళ్లో సిగ్నల్ ఉందో లేదో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పటం పెట్టాలని 2024 నియమాల్లో ఉంది. మారేముందు ఆ పటంలో ఊరిని వెతకండి. పటంలో రంగు ఉండి ఊళ్లో సిగ్నల్ లేకపోతే ఫిర్యాదులో అదే రాయండి.

తాడ్వాయి బాబుకు ఇంకో సంగతి. మీ నాన్నగారికి డేటా ప్లాన్ ఎందుకు? మాటలు, సందేశాలు మాత్రమే ఉండే ప్లాన్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చు. అన్ని కంపెనీలూ పెట్టాయి, కానీ దుకాణాల్లో అడిగితేనే చెప్తారు.

చౌరస్తా సిమ్ దుకాణం (హన్మకొండ)

పెద్దాయన మాట నిజం. అడగనివాళ్లకు నేను కూడా చెప్పలేదు. ఇక మీదట చెప్తాను.

పెన్‌గంగ ఒడ్డు (ఆదిలాబాద్)

మా ఊళ్లో చవక సిమ్ వేస్తే అవతలి ఒడ్డున ఉన్న మహారాష్ట్ర టవరు పట్టుకుంటుంది. ప్లాన్‌లో రోమింగ్ ఉంది కాబట్టి డబ్బు పోలేదు, సందేశాలు మాత్రం మరాఠీలో వస్తాయి. సరిహద్దు ఊళ్లవాళ్లు ప్లాన్‌లో రోమింగ్ ఉందో లేదో చూసుకోండి.

మిర్చి రైతు (నర్సంపేట)

తొంభై ఒకటో రోజున పోర్ట్ పెట్టాను. నాలుగో రోజు ఉదయానికి పాత కంపెనీకి వచ్చేశాను. కానీ చవక కంపెనీది వేరే కొత్త నంబరు మా అబ్బాయి తీసుకున్నాడు, వాడికి పొలం దగ్గర బాగానే వస్తోంది. మొన్న కోపంలో రాసిన మాటలు యార్డు వరకే అనుకోండి.

తాడ్వాయి బిడ్డ (హన్మకొండ)

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

దుకాణం అన్న చెప్పినట్టే చవక కంపెనీ కొత్త సిమ్ ఒకటి తీసుకున్నాను. నాన్న ఫోను 2జీది, దాన్ని పక్కన పెట్టి రెండు సిమ్‌ల 4జీ బటన్ ఫోను కొన్నాను. రెండూ అందులోనే వేసి, శని, ఆదివారాలు ఊరికి వెళ్లి నాన్నతో కలిసి చోటు చోటు తిరిగాను. ఇంటి లోపల చవక సిమ్ రాదు, పాతది వస్తుంది. పశువుల కొట్టం దగ్గర రెండూ వస్తాయి. చెలక దగ్గర, ఇప్పచెట్టు కింద, పాతది ఎప్పుడూ రాలేదు. చవకది అక్కడ నిండుగా పలుకుతోంది! ఇన్నేళ్లూ నాన్న చెలకలో ఉన్నంతసేపూ మాకు అందరనే అనుకున్నాం. తాడ్వాయిలో రెండు సిమ్‌లకూ ఓటీపీ నిమిషంలోపే వచ్చింది, నాలుగుసార్లు చూశాను.

కాబట్టి ఇలా చేశాం. నాన్న పాత నంబరు ఉన్న కంపెనీలోనే ఉంచి, మాటల ప్లాన్ ఏడాదికి వేయించాను. చవక సిమ్ రెండోదిగా ఉంటుంది. నాది, తమ్ముడిది చవక కంపెనీకి మారాయి. హన్మకొండలో మాకు ఇబ్బంది లేదు. అమ్మది, నా భార్యది మార్చలేదు. అమ్మ రోజూ మనవరాలిని వీడియోలో చూడాలి, అది ఆగి ఆగి వస్తే ఊరుకోదు. నాన్న పాత నంబరుకు ఏడాదికి పదమూడు రీఛార్జులు కాస్తా ఒక్కటయ్యాయి.

నిన్న మధ్యాహ్నం రెండింటికి చవక నంబరు నుంచి నాన్న ఫోను చేశారు. పనేమీ లేదట. చెలకలో కూర్చుని ఉన్నాను, వస్తుందో లేదో చూద్దామని చేశాను అన్నారు.

ఏటూరునాగారం టీచరమ్మ

చాలా సంతోషం బాబూ. వానాకాలంలో కరెంటు పోయినప్పుడు ఆ రెండింటిలో ఏది ముందు పోతుందో కూడా చూసి రాయండి. మాకూ పనికొస్తుంది.

తాడ్వాయి బిడ్డ (హన్మకొండ)

తప్పకుండా అమ్మా. మొదటి పెద్ద వాన పడగానే రాస్తాను.